నక్షా ఒక బీరువాలో, కైఫియత్తు ఇంకో బీరువాలో

రాజమండ్రి నుంచి అంతర్వేదికి దారి చెప్పమని ఫోన్లో కొట్టండి. రెండు మూడు దార్లు చూపిస్తుంది, ఒకదానికి నీలం రంగు వేసి మిగతావాటిని బూడిద రంగులో పక్కకి పెడుతుంది, పైన నిమిషాలు రాస్తుంది. ఆ నీలం గీత అక్కడే ఎందుకుంది అని మనం ఎప్పుడూ అడగం, మామూలు రోజుల్లో అడగక్కర్లేదు కూడా, పెళ్లికి టైమ్ అయిపోతుంటే ఎవరికి కావాలి ఆ గొడవ. కానీ ఊళ్ల మీదుగా, ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగుతూ, చీకటి పడేలోగా చేరితే చాలు అనుకుని బయల్దేరిన రోజు ఆ ప్రశ్నే అసలు ప్రశ్న అవుతుంది. ఎందుకంటే మ్యాప్ అనేది ఎప్పుడో ఎవరో అడిగినదానికి జవాబు. ఎవరడిగారో, ఏమడిగారో తెలిస్తే ఆ మ్యాప్‌లో మనకి పనికొచ్చేది ఎంతో, ఏం రాలిపోయిందో తెలుస్తుంది.

ఫోన్ సంగతి ముందు చూద్దాం. దాని దృష్టిలో దేశంలో రోడ్లన్నీ జంక్షన్లూ, రెండు జంక్షన్ల మధ్య ముక్కలూ, అంతే. ఒక్కో ముక్కకీ ఒక రేటు కట్టి ఉంచుకుంటుంది, మామూలుగా ఆ రేటు టైమ్‌లో ఉంటుంది. ఏ ముక్కలు కలిపితే మొత్తం రేటు తక్కువ పడుతుందో లెక్కేసి దానికి నీలం రంగు పూస్తుంది. ఈ లెక్కకి మూలం 1956లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే డచ్ ఆయన ఆమ్‌స్టర్‌డామ్‌లో కాఫీ తాగుతూ ఓ ఇరవై నిమిషాల్లో, కాగితం పెన్సిల్ కూడా లేకుండా ఆలోచించింది, రోటర్‌డామ్ నుంచి గ్రోనింగెన్‌కి అన్నిటికంటే దగ్గర దారి ఏది అని. 1959లో అచ్చయింది. ఇప్పుడు ఫోన్లలో నడిచేది దానికి బోలెడు మెరుగులు దిద్దిన రూపం, కానీ అడిగే ప్రశ్న మారలేదు, తక్కువలో ఎలా తేలుతుంది అన్నదే.

మరి ఆ రేటు ఎక్కడ్నించి వస్తుంది అంటే చాలావరకు ఆ రోడ్డు మీద అప్పటికే పోతున్న మిగతావాళ్ల ఫోన్ల వేగం నుంచి. హైవే మీద క్షణక్షణం ఫోన్లే కాబట్టి అక్కడ లెక్క దాదాపు కరెక్టుగా వస్తుంది. కాలవ గట్టు రోడ్డు మీద పొద్దున్నే పాల బండి, తర్వాత స్కూల్ ఆటో, కోతల టైమ్‌లో వడ్ల ట్రాక్టరు, అవి తప్ప పెద్దగా ఏమీ ఉండవు, అందుకని దాని గురించి ఫోన్‌కి తెలిసింది తక్కువ, తెలిసిన కాస్తా స్లో అనే చెబుతుంది, స్లో కాబట్టి ఎవరినీ అటు పంపదు, పంపదు కాబట్టి ఇంకా తెలియదు. ఇదో చక్రం. దీన్నెవరూ కుట్ర చేసి పెట్టలేదు, అడిగిన ప్రశ్నే అలాంటిది.

జూమ్ సంగతి కూడా చూడాలి, ఇది ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కాగితం మ్యాప్‌లో ఒక ఊరు అచ్చయిందంటే అక్కడే ఉంటుంది, మీరు చూసినా చూడకపోయినా. ఫోన్లో ఎంత పైకి పోతే అన్ని ఊళ్లు మాయమైపోతాయి, చివరికి రాజమండ్రి, అమలాపురం, భీమవరం లాంటివి నాలుగు మిగుల్తాయి, మధ్యలో అంతా ఖాళీ. ఆ ఖాళీ చూసి మధ్యలో ఏముందిలే అనేస్తాం. దేశంలోనే ఒత్తుగా జనం ఉండే డెల్టాల్లో ఒకటి అది, స్క్రీన్ మీద మాత్రం లేత ఆకుపచ్చ రంగు.

ఇప్పుడు ఓ రెండొందల ఏళ్లు వెనక్కి పోదాం. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ల గీత ఒకటి గొలుసుతో కొలిచాడు, దాని మీంచి త్రిభుజం, ఆ త్రిభుజం మీంచి ఇంకో త్రిభుజం, అలా దక్కను మొత్తం ఎక్కి పోయాడు. అర టన్ను బరువున్న థియొడలైట్‌ని కొండల మీదికీ గోపురాల మీదికీ ఎక్కించి కోణాలు చూసేవాళ్లు. హైదరాబాదు నుంచి నాగపూర్ వెళ్తూ 1823లో హింగన్‌ఘాట్ దగ్గర చనిపోయాడు. ఆయన కింద పనికి చేరిన జార్జ్ ఎవరెస్ట్, అదే ఎవరెస్ట్ శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆయన, కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేస్తూ జ్వరం పట్టుకుని కోలుకోడానికి ఆఫ్రికా దాకా పోవాల్సొచ్చింది. వీళ్లకి కావల్సింది భూమి ఆకారం, దూరాలు, ఎత్తులు. ఊరి పేరుతో పని ఉందంటే ఆ ఊరి గుట్ట మీద జెండా పాతడానికి.

అదే కాలంలో కాలిన్ మెకంజీ అని ఇంకొకాయన. స్కాట్లండ్ దగ్గర లూయిస్ దీవిలో పుట్టి కంపెనీ సైన్యంలో ఇంజనీరుగా వచ్చి, 1799లో టిప్పు పడిపోయాక మైసూరు సర్వే చేసి, తర్వాత దత్తమండలాల సర్వే చూసి, 1815లో దేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఈయన దగ్గర మన ఏలూరు వాళ్లు ఉండేవాళ్లు, కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, అన్నదమ్ములు. బొర్రయ్య చిన్న వయసులోనే 1803లో పోతే లక్ష్మయ్య ఆ పని ఎత్తుకున్నాడు. గొలుసు పట్టుకునే వాళ్లు ఒక పక్క కొలుస్తుంటే వీళ్ల మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర కవిలెకట్టలు, అంటే పాత ఊరి లెక్కల కట్టలు చూసి, పెద్దవాళ్లని కూర్చోబెట్టి అడిగి రాసుకునేవాళ్లు. ఈ ఊరు ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ గుడికి ఏ మాన్యం, హద్దు ఎక్కడ, పాలెగాడు ఎవరి మీదికి ఎప్పుడొచ్చాడు, ఇవన్నీ. వాటినే కైఫియత్తులు అంటాం. కడప జిల్లావి బ్రౌన్ లైబ్రరీ వాళ్లు వరసగా పుస్తకాలుగా వేశారు, ఊరి పేరు వెతుక్కుని చదివితే భలే ఉంటాయి, కొన్ని నమ్మశక్యం కాని కథలు, కొన్ని మరీ పొడి లెక్కలు.

నాకు ఇందులో ముఖ్యం అనిపించేది ఏంటంటే, నక్షా, కైఫియత్తు రెండూ ఒకే ఆఫీసులో, ఒకే సర్వేలో పుట్టాయి. 1821లో మెకంజీ చనిపోయాక దేని దారి దానిది అయిపోయింది. నక్షాలు సర్వే శాఖకి, సైన్యానికి పోయాయి, ఒకదాని మీద ఒకటి కొత్తవి వచ్చాయి, ఇవాళ ఫోన్లో ఉన్నది ఆ వంశమే. కైఫియత్తులేమో రాతప్రతుల లైబ్రరీల్లో, మద్రాసులో కొన్ని, లండన్లో కొన్ని, బీరువాల్లో ఉండిపోయాయి. నెమ్మదిగా ఊళ్ల మీదుగా పోవడం అంటే నా లెక్కలో ఆ విడిపోయిన రెండో సగాన్ని రోడ్డు మీద వెతుక్కోవడం, అంతకన్నా పెద్ద ఫిలాసఫీ ఏం లేదు.

మూడో రకం మ్యాప్ ఇంకోటుంది, అది టూరిస్టులు ఎవరూ చూడరు, రైతులకి మాత్రం ప్రాణం. గ్రామ నక్షా. దానికి ఆధారం ఎఫ్ఎంబీ, అంటే ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్, పొలాల కొలతల పుస్తకం, తెలంగాణలో అయితే టీపన్. ఆంధ్రవి 66 అడుగుల గొలుసుతో కొలిచి చేసినవి, పది చదరపు గొలుసులైతే ఎకరం. ఆంధ్రలో ఇవి సుమారు వందేళ్ల నాటివి, 2020 డిసెంబర్లో డ్రోన్లతో రీసర్వే మొదలయ్యేదాకా అవే ఆధారం. ఇది అడిగే ప్రశ్న ఒకటే, ఈ చెక్క ఎవరిది, శిస్తు ఎంత. మరి శిస్తు కట్టనిది ఏంటి? చెరువు, వాగు, శ్మశానం, దారి. ఊళ్ల మధ్య బండ్లు తిరిగిన దార్లు, గోదావరి వైపు పుంత అంటారు, గుంటూరు వైపు డొంక, తెలంగాణలో బండ్ల బాట, ఇవన్నీ పోరంబోకుగా ఆ నక్షాలో పడ్డాయి, ఎవరి ఖాతాలోనూ లేవు కాబట్టి. దారి చూపించాలని కాదు, పన్ను రాదని గుర్తు పెట్టుకోడానికి గీశారు, అయినా పాత దార్లన్నీ దొరికేది అక్కడే. ఆంధ్ర భూమి రికార్డులుండే మీభూమి సైట్లో ఊరి నక్షా తీసి చూస్తే తెలుస్తుంది, ఈ ఊరి నుంచి పక్క ఊరికి హైవే ఎక్కకుండా పోయే దారి ఒకటుండేది అని. ఇప్పుడు వెళ్లి చూస్తే కొన్ని తార్రోడ్లు అయ్యాయి, కొన్ని చేలల్లో కలిసిపోయాయి, ఎవరు కలుపుకున్నారు అని మాత్రం అక్కడ నిలబడి అడక్కండి.

సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ వీటన్నిటికీ మధ్యలో ఉంటుంది. ఆ సంస్థ 1767 నాటిది. మామూలుగా దొరికేది 1:50,000 షీటు, అంటే రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు, ఒక్కో షీటు ఉత్తర దక్షిణాలు ఓ 27, 28 కిలోమీటర్లు కవర్ చేస్తుంది, ఊళ్లూళ్లు తిరుగుతూ పోతే ఒక రోజుకి సరిపోయే సైజు. చాలా ఏళ్లు తీరం వైపు షీట్లు మామూలు జనానికి అమ్మేవాళ్లే కాదు, రక్షణ పేరు చెప్పి. 2005 పాలసీతో సైన్యానికి ఒక సిరీస్, జనానికి ఒక సిరీస్ అని విడగొట్టారు, 2017 నుంచి జనానివి ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఇవ్వడం మొదలెట్టారు, 2021 ఫిబ్రవరిలో మ్యాపుల రూల్స్ ఇంకా బాగా సడలించారు. అందులో ఎరుపు రోడ్లు, నీలం నీళ్లు, పసుపు సాగుభూమి, ఆకుపచ్చ అడవి, గోధుమ రంగు గీతలు ఎత్తు చెప్పేవి. 20 మీటర్లకి ఒక గీత. గుడి, పోస్టాఫీసు, పాత ఇన్‌స్పెక్షన్ బంగళా, రోడ్డు గట్టు మీద ఉందా పల్లంలో ఉందా, వాగు మీద వంతెనా లేక చప్టానా, ఇవన్నీ ఒకే కాగితం మీద ఉంటాయి. పాతబడిపోయి ఉంటుంది, అది దాని లోపం, కానీ ఊరికే చూస్తూ కూర్చోడానికి దీన్ని మించింది లేదు.

సరే అంతర్వేది. కోనసీమ షీట్లు తెరిస్తే మొదట కనబడేది గోధుమ గీతలు దాదాపు లేకపోవడం, నేల అంత చదును. ఉన్నదంతా నీలమే. ఇక్కడ ఒక చిన్న విషయం తెలిస్తే మొత్తం అర్థమవుతుంది. నది వరదొచ్చినప్పుడల్లా ఒండ్రు పోసేది ముందు తన గట్ల పక్కనే, అందుకని డెల్టాలో నది ఒడ్డు నేల మెరక, నదికి దూరం పోయేకొద్దీ పల్లం. ఆర్థర్ కాటన్ వాళ్లు ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తి చేసి కాలవలు తవ్వినప్పుడు వాటిని ఆ మెరక పట్టుకునే తీసుకెళ్లారు, నీళ్లు రెండు వైపులా చేలల్లోకి వాటంతటవే దిగాలి కదా. పల్లంలో మురుగు కాలవలు. అందుకే కాలవ తిన్నగా పోదు, మెరక ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. ఆ కాలవలే అప్పటి రోడ్లు, లాకుల్లోంచి పడవలు ఎక్కీ దిగీ పోయేవి, గట్టు మీద మనుషులు తాళ్లతో లాగేవాళ్లు. లాగినవాళ్లు నడిచిన గట్టే తర్వాత కంకర రోడ్డు, తర్వాత తార్రోడ్డు. ఇప్పుడు ఫోన్ ఆ రోడ్డుని వంకరగా ఉంది, స్లో అని పక్కన పెడుతోంది కానీ ఆ వంకరలో నేల వాలు మొత్తం రాసి ఉంది. వానాకాలంలో చుట్టూ చేలు మునిగినా ఆ గట్టు చాలావరకు పైనే ఉంటుంది, అది కూడా అందుకే.

కాబట్టి బ్యారేజీ మీంచి బొబ్బర్లంక దిగి, మధ్య డెల్టా కాలవ పట్టుకుని పొండి. లొల్ల లాకుల దగ్గర కాలవ చీలుతుంది, సినిమాల్లో చూసే ఉంటారు, పక్కనే ఆత్రేయపురం, పూతరేకుల గురించి నేను చెప్పక్కర్లేదు. అక్కడ్నించి కొత్తపేట మీదుగా దిగుతూ పి.గన్నవరం చేరితే టోపోషీట్లో ఒక వింత, నీలం గీత మీంచి ఇంకో నీలం గీత దాటుతుంది. మొదటిసారి చూస్తే అచ్చుతప్పు అనుకుంటారు. అది అక్విడెక్టు. కింద వైనతేయ పాయ, దాని మీద కమానుల వంతెన కట్టి ఆ వంతెన మీంచి కాలవని అవతల రాజోలు వైపు లంకకి దాటించారు, 1850ల్లో. పాతది అలాగే ఉంది, పక్కన కొత్తది కట్టారు, కొత్తదానికి పేరు డొక్కా సీతమ్మ అక్విడెక్టు.

ఫోన్ మ్యాప్ ఆ పేరు చూపిస్తుంది, చూపించి ఊరుకుంటుంది. ఆవిడ ఈ పక్కనే లంకల గన్నవరంలో ఉండేవారు, 1909లో పోయారు. ఏ వేళప్పుడు ఎవరొచ్చినా, ఏ కులమైనా అన్నం పెట్టి పంపేవారు, అంతర్వేది తీర్థానికి పోయేవాళ్లు, రేవు దాటలేక ఆగిపోయినవాళ్లు, ఎవరైనా. ఇక్కడ రేవులున్నాయి, పడవ కోసం ఆగాల్సొచ్చేది, చీకటి పడితే దాటేది లేదు, కాబట్టి ఆకలితో ఉన్న బాటసార్లు ఎప్పుడూ ఉండేవాళ్లు. ఒక మనిషి అన్నదానం కథగా మనం చెప్పుకునేదానికి వెనకాల మొత్తం ఈ నదీ పాయల నక్షా ఉంది. కైఫియత్తు లేకపోతే ఆ పేరు కాంక్రీటు మీద బోర్డు, నక్షా లేకపోతే అంతమంది బాటసార్లు అక్కడికే ఎందుకొచ్చారో అర్థం కాదు.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అక్కడ్నించి అంతర్వేది, వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు. తిరుగు దారిలో సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతల నరసాపురం. పంటు అంటే కోనసీమ బయటివాళ్లకి, పడవల మీద చెక్కలు పరిచి కార్లనీ బైకుల్నీ మనుషుల్నీ ఒకేసారి దాటించేది. ఫోన్‌కి ఇలాంటివి మింగుడుపడవు, ఎందుకంటే పంటు నిండేదాకా కదలదు, నిండడానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు, నది పోటు మీదుంటే అసలు నడవదు. రేటు కట్టలేని ముక్క కాబట్టి చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిప్పి పంపడానికే చూస్తుంది. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య గౌతమి మీద కూడా ఇదే కథ.

ఇలా తిరిగేవాళ్లకి రోడ్డు పక్కనే ఉండి ఎవరూ చదవని మ్యాప్ కిలోమీటరు రాయి. పసుపు టోపీ అంటే నేషనల్ హైవే, ఆకుపచ్చ అయితే స్టేట్ హైవే, నలుపో నీలమో తెలుపుతో ఉంటే జిల్లా రోడ్డు, నారింజ రంగు గ్రామీణ రోడ్డు, ఎక్కువగా 2000 డిసెంబర్లో మొదలైన గ్రామ సడక్ యోజనవి. ఆ స్కీమ్ మైదానాల్లో 500 జనాభా దాటిన ఊళ్లకీ, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 దాటినవాటికీ రోడ్డు వేయాలని పెట్టుకున్న లెక్క. నారింజ రాయి కనబడిందంటే ఆ రోడ్డు ఒక ఊరిని బయటికి కలపడానికి వేసింది, చాలాసార్లు ఆ ఊళ్లోనే ఆగిపోతుంది, అవతలికి పోతుందని గ్యారంటీ లేదు. పోదనుకుంటే వెనక్కి తిప్పుకోవడమే, మన దగ్గర టైమ్ ఉందిగా.

హైవే నంబర్లు కూడా 2010లో మొత్తం మార్చేశారు, ఇప్పటికీ సగం మంది పాతవే అంటారు. ఉత్తర దక్షిణాలుగా పోయేవి సరి సంఖ్యలు, తూర్పు నుంచి పడమరకి నంబరు పెరుగుతుంది, తూర్పు పడమరలుగా పోయేవి బేసి, ఉత్తరం నుంచి దక్షిణానికి పెరుగుతుంది. అందుకే తీరం వెంట పోయే పాత 5 ఇప్పుడు 16, హైదరాబాదు మీదుగా పోయే పాత 7 ఇప్పుడు 44, విజయవాడ రోడ్డు 9 కాస్తా 65. మూడంకెలుంటే చివరి రెండూ తల్లి రోడ్డు నంబరు. 216 అంటే 16కి కొమ్మ, కత్తిపూడి దగ్గర విడిపోయి కాకినాడ, అమలాపురం, మచిలీపట్నం, రేపల్లె, చీరాల తిరిగి ఒంగోలులో మళ్లీ కలుస్తుంది. 16 మీద తొందరపడేవాళ్లు పోతారు, 216 మీద సముద్రం వాసన వస్తుంది, తేడా అంత.

కానీ అన్నిటికంటే నమ్మకమైన మ్యాప్ ఏదంటే నేను పల్లెవెలుగు బస్సు బోర్డు అంటాను. దాని మీద వయా అని రాసిన ఊళ్ల వరస ఉంది చూశారా, అది ఒక లైను మ్యాప్, రోజూ డ్రైవర్లు టెస్ట్ చేస్తున్న మ్యాప్. ఊళ్లో దారి అడిగినప్పుడు దూరం ఎంత అని అడిగితే దగ్గరే అంటారు, ఎవరికి దగ్గరో తెలియదు. అటు బస్సు పోతుందా అని అడగండి, బస్సు పోతే కారు పోతుంది. నిన్న పోయిందా అని కూడా అడగండి వానాకాలమైతే, ఎందుకంటే మన ఊళ్ల రోడ్లలో సగం వాగులు చప్టాల మీదే దాటుతాయి, పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే చప్టా మునుగుతుంది, ఫోన్లో నీలం గీత అలాగే ఉంటుంది. 2024 నవంబర్లో ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర మధ్యలో తెగిపోయిన వంతెన మీంచి కారు రామగంగలో పడి ముగ్గురు పోయారు, నావిగేషన్ చూపించిన దారిలో పోతూ. గీత ఉంటే రోడ్డు ఉన్నట్టే అనుకునే అలవాటు అంత ప్రమాదం. అలాగే శ్రీశైలం పోయే 765 మీద మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి మూసేస్తారు, పులుల అడవి కదా, నెమ్మదిగా పోదాం అనుకున్నవాళ్లే ముందు ఇరుక్కునేది అక్కడ.

అదే శ్రీశైలం రిజర్వాయరు కింద పాత రోడ్లూ ఊళ్లూ బోలెడున్నాయి, పాత షీటు పక్కన పెట్టుకుని ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు పోతే, సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో, నీళ్లలోకి దిగిపోయే రోడ్డు ముక్కలు కూడా కనబడతాయి. కొత్త మ్యాప్‌లో అక్కడ నీలం తప్ప ఏమీ లేదు. దీనికి ఉల్టా కూడా ఉంది. జిల్లాలు తెలంగాణలో 2016 అక్టోబర్లో 10 నుంచి 31 అయ్యాయి, తర్వాత 33, ఆంధ్రలో 2022 ఏప్రిల్లో 13 నుంచి 26, ఫోన్లో పేర్లు మారిపోయాయి కానీ బడి గోడ మీద, పంచాయతీ బోర్డు మీద పాత జిల్లా పేరే, ఎవరూ చెరపలేదు.

మ్యాపులు అసలు లేకుండా పోయినవాళ్లు ఏం రాసుకునేవాళ్లో చూడాలంటే ఏనుగుల వీరాస్వామయ్య ఉన్నాడు. 1830 మేలో మద్రాసు నుంచి పల్లకీలో బయల్దేరి కాశీ వెళ్లి 1831 సెప్టెంబర్లో తిరిగొచ్చాడు. మజిలీ మజిలీకీ ఎన్ని ఆమడలు, దారి రాళ్లా ఇసుకా, నీళ్లెలా ఉన్నాయి, ఊళ్లో ఏం దొరుకుతాయి, దిగడానికి చోటుందా, రాసుకుంటూ పోయాడు. అందులో నక్షా లేదు, అయినా తర్వాత పోయేవాడికి దారి దొరుకుతుంది.

ఆ పని ఇవాళ చెయ్యాలంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉంది, 2004లో మొదలైంది, ఎవరైనా లాగిన్ అయి మార్చొచ్చు, బోలెడు యాప్‌లు దాని డేటానే వాడతాయి. అందులో మన ఊళ్లు చాలావరకు ఇంకా వట్టి గీతలే. ఊరి పేరు తెలుగులో వేరేగా పెట్టే చోటుంది, ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి అది గన్నవరమా గన్నారమా అని కొట్టుకోనక్కర్లేకుండా. చప్టా అయితే చప్టా అని, వరదకి మునుగుతుంది అని పెట్టొచ్చు, పంటు దారిని రేవు నుంచి రేవుకి గీయొచ్చు, బోరింగ్ నీళ్లు తాగేవా కాదా, చెరువు కట్ట మీద కారు పడుతుందా బైకేనా, అన్నీ పెట్టొచ్చు. సీతమ్మగారి కథ మాత్రం అందులో పట్టదు, దానికి వికీపీడియా పేజీ లింకు ఇచ్చే గడి ఒకటుంది, తెలుగు వికీలో ఆ ఊరి పేజీ తెరిచి చూడండి, ఖాళీగా ఉంటే ఇవాళ పెద్దవాళ్ల దగ్గర విన్నది, ఎవరు చెప్పారో అచ్చులో ఎక్కడుందో కూడా చూసుకుని, నాలుగు లైన్లు రాయండి.